ఒకటే మూత

ఆమెకు ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద భయం, కూతురు నీళ్లలో పడిపోతుందని. ఇల్లు గడిచేది మాత్రం ఆ నీళ్ల మీదే. మొగుడు ఇంటి ఎదుటి నీళ్లలో వాటర్ స్కూటర్ బండి మీద జనాన్ని తిప్పుతాడు. అందుకే మూడేళ్ల పాపకు లేచింది మొదలు నారింజరంగు లైఫ్ జాకెట్ తొడిగే ఉంచుతుంది.

“అన్నం తినేటప్పుడు కూడానా? కంచంలో మునిగిపోతుందా ఏంటే పిల్ల?” అని అత్త దెప్పుతూనే ఉంటుంది. ఆమె చెవిన పెట్టదు.

ఆ ఉదయం షెడ్డులో బండి ముందు చతికిలబడింది. బండి అలల మీద ఎగిరినప్పుడల్లా ముందు డిక్కీ మూత టప్పున తెరుచుకుంటోంది. కొత్త లాక్ ఎప్పుడొస్తుందో కొట్టువాడికే తెలియదట.

“నేను బాగుచేస్తానండీ.”

“చెయ్యి తల్లీ. ఫ్యాను బాగుచేశావు, కుట్టుమిషను బాగుచేశావు. ఇక మిగిలింది నేనే,” అన్నాడు మొగుడు.

“మీకు స్పేర్ పార్టులు దొరకవు లెండి.”

మూత ఎత్తింది. అడుగున బిస్కెట్ పొడి. కొక్కెం చూస్తే, చిత్రంగా లోపలి వైపే ఎక్కువ అరిగి ఉంది.

“ఎలుకలు చేరాయండీ. కొక్కెం కూడా లోపల్నించి ఏదో నెట్టినట్టుంది.”

“సామాను గుద్దుకుని ఉంటుందిలే.”

పాప పక్కనే నిలబడి చూస్తోంది. ఒంటి మీద జాకెట్ లేదు.

“మళ్లీ విప్పేశావా? ఎందుకే?”

“పట్టట్లేదమ్మా.”

“అప్పుడే బిగుతైపోయిందా? నాన్న పెద్దది తెస్తారులే,” అని మళ్లీ తొడిగి బకిల్ బిగించింది.

అరిగిన కొక్కేనికి పాత డబ్బా ప్లాస్టిక్ ముక్క అతికించి, ఆరాక ఆకురాయితో రుద్దింది. సడలిన స్ప్రింగు తీసి గట్టిది వేసింది. మూత అంచున చిరిగిన రబ్బరు పీకి, ఒత్తుగా కొత్తది అంటించింది. మూత వేసి నొక్కితే టక్కుమంది. పైన మీట నొక్కితే తప్ప రాదు.

“నీళ్లేంటే, గాలి కూడా దూరదు ఇందులోకి!” అన్నాడు మొగుడు మురిసిపోతూ.

“అమ్మా, దాగుడు మూత ఆడనా?” అంది పాప.

ఆమె చదువు మధ్యలోనే ఆగిపోయింది గానీ, పిల్ల మాట తప్పు పలికితే ఊరుకోదు. “మూత కాదే, మూతలు. దాగుడుమూతలు అనాలి.”

“కాదు. ఒకటే మూత.”

“సరేలే మహాతల్లీ, ఒకటే.”

కొత్త రబ్బరు వాసన పోవాలని మూత తెరిచే ఉంచి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి మొగుడు బండిని నీళ్లలోకి దింపేశాడు.

“మూత వేశారా?” అని అరిచింది.

“నువ్వే వేసి పెట్టావుగా! గుంజి చూశాను, చెక్కు చెదరలేదు. ఒక్క రౌండు కొట్టొస్తా!”

“నేనెక్కడ వేశానండీ...” ఆ మాట ఇంజను మోతలో కలిసిపోయింది. గాలికి పడి ఉంటుందిలే అనుకుంది.

అప్పుడు చూసింది. ఇందాక బండి నిలబెట్టిన చోట నారింజరంగు జాకెట్ పడి ఉంది.

“అత్తయ్యా, పాపేది?”

“ఇప్పుడేగా దాగుడు మూత అంటూ షెడ్డులోకి పోయింది? ఎక్కడో నక్కి ఉంటుంది, గాభరా పడకు.”

బల్ల కింద లేదు. సంచుల వెనక లేదు. పిలిస్తే పలకలేదు. జాకెట్ లేకుండా, ఎదురుగా అన్ని నీళ్లు పెట్టుకుని... ఆమె ఒడ్డుకేసి పరుగెత్తింది. మరుక్షణం నడుం లోతు నీళ్లలో ఉంది. కేకలు విని పడవలవాళ్లు దూకేశారు. మునిగి లేస్తున్నారు, మళ్లీ మునుగుతున్నారు.

దూరంగా బండి అలల మీద ఎగిరెగిరి పడుతోంది. మొగుడు ఒడ్డుకేసి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. ఎంత ఎగిరినా మూత తెరుచుకోవడం లేదు.

అందరూ నీళ్లలోనే వెతుకుతున్నారు.

మీరైనా ఆ మూత తీసి చూడండి.