ఎడమది కుడికి

"ఇంకోసారి నొక్కు," అన్నాడు నెవిల్, నేల మీద పడుకునే.

కారులో కూర్చున్న ఐరీన్ బ్రేకు పెడల్ నొక్కింది. దిండు మీద కాలేసినట్టు మెత్తగా అడుగుదాకా పోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

గ్యారేజీ తలుపు దగ్గర నిలబడ్డ క్లబ్బు మిత్రులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

విడిభాగాలు పెట్టెల్లో తెప్పించుకుని ఇంట్లోనే కిట్ కారు కట్టుకోవడం ఆ యార్క్‌షైర్ పల్లెల్లో కొందరికి పిచ్చి. ఆ పిచ్చివాళ్ళందరికీ నెవిల్ పెద్దదిక్కు, ముఖ్యంగా బ్రేకుల విషయంలో. వసంతం రాగానే అందరూ కలిసి కొండల మీదుగా సముద్రం దాకా వెళతారు. ముందురోజు సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి నెవిల్‌కి బ్రేకులు చూపించుకోవాలి. ఆయన సరే అంటేనే ప్రయాణం. ఆయన కారే ముందు నడుస్తుంది.

ఈసారి తన కారుకే కొత్త కాలిపర్లు తెప్పించాడు. చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు పక్కలా అదిమిపట్టేవి అవే. కిట్టుతో వచ్చినవి పక్కన పడేసి, పందెం కార్లవాళ్ళు వాడే ఎర్రటి రకం కొన్నాడు. నిన్నంతా కూర్చుని, పల్చటి వాషర్లు వేస్తూ తీస్తూ, డిస్కు సరిగ్గా నడిమధ్య నిలిచేలా బిగించాడు. పొద్దున ఊళ్ళోకి వెళ్ళి బ్రేక్ ఆయిల్ తెచ్చాడు. ఇక గొట్టాలు తగిలించి, ఆయిల్ పోసి, లోపలి గాలి తీసేస్తే అయిపోయినట్టే.

ఆ గాలి తీసే పనేదో మధ్యాహ్నమే చేసెయ్యమని ఐరీన్ పోరింది. వినలేదు. అందరూ వచ్చాక వాళ్ళ కళ్ళముందే చేయాలట. కొత్త కాలిపర్లు చూసి వాళ్ళు కుళ్ళుకోవాలట.

అసలు ఆ మనిషి ఏది విన్నాడు గనక! మొన్న చలికాలంలో మలుపు దగ్గర రాతిగోడకి కారు గీసేశాడు. కళ్ళు చూపించుకోమంటే, గోడే రోడ్డు మీదికి వచ్చిందన్నాడు. ఈ ప్రయాణానికి వెళ్ళొద్దని ఆవిడ నెలరోజులుగా బతిమాలుతోంది. తను లేకపోతే వాళ్ళకి దారెవరు చూపిస్తారని నవ్వేశాడు.

ఇప్పుడు నవ్వడం లేదు. తప్పు ఆయిల్‌దన్నాడు. గొట్టాలదన్నాడు. తను బిగించిందే తప్పయి ఉంటుందన్న ఆలోచన మాత్రం రాలేదు. చివరికి "సరిగ్గా నొక్కుతున్నావా?" అని భార్య మీద పడ్డాడు. ఇంతవరకూ ఆయన కట్టిన ప్రతి కారుకీ వాషర్లు అందించిందీ, పెడల్ నొక్కిందీ ఆవిడే. ఇంకోరోజైతే దులిపేసేది. ఇవాళ తల వంచుకుని మళ్ళీ నొక్కింది.

పాత స్నేహితుడు గ్రాహమ్ ఇక ఉండబట్టలేక వచ్చి, విప్పిన చక్రం దగ్గర కూర్చుని టార్చి వేశాడు. లేచి వెళ్ళి రెండో పక్క కూడా చూశాడు.

"ఒరే నెవిల్," అన్నాడు నెమ్మదిగా. "ఎడమది కుడికి వేశావురా. కుడిది ఎడమకి."

గాలి తీసే నట్టు కాలిపర్‌కి పైన ఉండాలి. పక్కలు మారితే కిందికి వస్తుంది. అప్పుడు పైన చేరిన గాలి చచ్చినా బయటికి రాదు, పెడల్ గట్టిపడదు, బ్రేకు పట్టదు. మొదటి కారు కట్టేవాళ్ళు చేసే తప్పు అది. నిరుడు ఇదే తప్పు చేసినందుకు కోలిన్ అనే కొత్త సభ్యుణ్ణి నెవిల్ సముద్రం దాకా ఏడిపించాడు, మళ్ళీ ఇంటికి వచ్చేదాకా ఏడిపించాడు.

కోలిన్ ఊరుకుంటాడా! "గాలి పైకి పోతుందని మీ బళ్ళో చెప్పలేదా మాస్టారూ?" అన్నాడు.

అది నిరుటి నెవిల్ మాటే. అందరూ ఘొల్లుమన్నారు. నెవిల్ మొహం చూశాక ఒక్కొక్కరే ఆపేశారు.

గ్రాహమ్‌కి మాత్రం అంతుపట్టలేదు. డిస్కుకి రెండు పక్కలా సందు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉందనీ, ఇంత పొందిగ్గా బిగించినవాడు పక్కలెలా మార్చాడనీ గొణిగాడు. తర్వాత నెవిల్ కళ్ళవంక చూసి, అర్థమైనట్టు ఊరుకున్నాడు.

అరగంట పని, మేం మార్చేస్తామన్నారు. నెవిల్ వద్దన్నాడు. రేపు మీరే వెళ్ళండన్నాడు. వాళ్ళు ఏదో సర్దిచెప్పి కదిలారు. ఆ సాయంత్రం తమ బ్రేకులు చూడమని ఒక్కరూ అడగలేదు.

వాళ్ళ కోసం చేసిన శాండ్‌విచ్చులు అలాగే ఉండిపోయాయి. నెవిల్ స్టూలు మీద కూలబడ్డాడు.

"సరిగ్గానే పెట్టానని ఒట్టేసి చెప్పేవాణ్ణి ఐరీన్. నా చేతులతో చేసింది నాకే గుర్తులేదు. ఇన్నేళ్ళు వీళ్ళందరి బ్రేకులూ చూశాను. ఎవరి చక్రంలో ఏం తప్పు వదిలేశానో!"

"ఒక్క పొరపాటుకి అంత మాటా?" అంది ఐరీన్.

"ఒక్కటేనని ఎవరికి తెలుసు?"

కారు అమ్మేస్తానన్నాడు. పనిముట్లు కోలిన్‌కి ఇచ్చేస్తానన్నాడు. ఇక జన్మలో పానా పట్టనన్నాడు. ఇంత కాపురంలో ఆయన ఏడవడం ఆవిడెప్పుడూ చూడలేదు. మసిచేతులతో కళ్ళు తుడుచుకుంటే మొహమంతా నల్లగా అయింది. ఐరీన్ తువ్వాలు అందించింది గానీ ఆయన వంక చూడలేకపోయింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

ఈ ఒక్క ప్రయాణం ఆగితే చాలనుకుని, పొద్దున ఆయన ఆయిల్ కోసం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఆ కాలిపర్లు విప్పి, అటుది ఇటూ ఇటుది అటూ బిగించింది ఆవిడే.