ఒకే గదిలో రెండు లైసెన్సులు

ఇలా దగ్గరికి జరుగు, గొంతెత్తి చెప్పే కథ కాదిది. మొగుడూ పెళ్ళాల మధ్య దొంగతనం జరిగింది. అదీ ఊరికే పంచిపెట్టే సరుకు!

మా మనవరాలూ దాని మొగుడూ ఒకే గదిలో వీపుకి వీపు పెట్టి కూర్చుని, కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు రాస్తారు. ఇద్దరూ కలిసి ఒకటి రాస్తే గొడవే లేకపోను. ఎవరి గుంపు వాళ్ళది. రెండు గుంపులూ కోడ్‌ని లోకానికి ఉచితంగానే ఇస్తాయి కాని, షరతుల దగ్గర ఉప్పూ నిప్పూ.

ఆమె గుంపు లైసెన్సు ఏమంటుందంటే, తీసుకో, ఏమైనా చేసుకో, రాసినవాళ్ళ పేరు మాత్రం చెరపకు. అతని గుంపుది వేరు. తీసుకో, కాని మా కోడ్ కలిపి నువ్వు చేసిందంతా మా షరతుల మీదే పంచాలి. అంటే ఆమె కోడ్ అతని గుంపులోకి రావచ్చు. అతని గుంపు కోడ్ ఆమె వైపు వెళ్ళిందా, ఆమె సిస్టమ్ మొత్తం వాళ్ళ పద్ధతికి మారాల్సిందే. అత్తగారు చుట్టపుచూపుగా వచ్చినట్టన్నమాట. పైగా అతను రాసిందంతా గుంపుకే చెందుతుంది. పెళ్ళానికైనా విడిగా ఇవ్వడానికి లేదు.

ఆమె సిస్టమ్ కొత్త వెర్షన్ రేపు విడుదలవుతుందనగా, అతని గుంపుకి పెద్దాయన కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. అందరూ గడ్డమాయన అంటారు.

"అమ్మాయ్, మీ వైఫై ఫైలూ మా వైఫై ఫైలూ పక్కపక్కన పెట్టి చూశాను. కవలపిల్లలే!"

"చేసే పని ఒకటే కదండీ, పోలికలుంటాయి."

"పని ఒకటే, సరే. తప్పు కూడా ఒకటేనా? సిగ్నల్ పోతే వైఫై కార్డుని ఒక్కసారి పిలవాలి. రెండు ఫైళ్ళూ రెండేసిసార్లు పిలుస్తున్నాయి. మా కోడ్ ఎత్తుకెళ్ళి మా షరతులు గాలికొదిలేశారు. రేపటి విడుదల ఆపండి. మీ గుంపులో పెద్దరికం కూడా వదులుకోండి."

పెళ్ళికి ముందు నుంచీ కంటికి రెప్పలా పెంచుకున్న సిస్టమ్ అది. మా పిల్ల మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

దాని మొగుడు కుర్చీ ఇటు తిప్పాడు.

"దొంగని నేనండీ. ఈవిడ రాసుకుంటుంటే, బయటపెట్టకముందే కాపీ కొట్టాను. పేరు చెరిపేసి నాదని మీకిచ్చాను."

"ఛీ! ఊరికే ఇచ్చేదానికి కూడా కన్నం వెయ్యాలటయ్యా? పేరొక్కటి ఉంచమన్నారు. కట్టుకున్నదాని పేరు ఉంచడానికి చేతులు రాలేదూ?"

"ఈ ఇంట్లో అన్నిటి మీదా ఆవిడ పేరే ఉందండీ. ఒక్కటైనా నా పేరున ఉంటుందని..."

గడ్డమాయనకీ ఇల్లాలుంది కాబోలు, ఒక్క క్షణం మెత్తబడ్డాడు. తర్వాత అతన్ని గుంపు నుంచి వెలివేశాడు. తమ ఫైలు నెత్తిన మా పిల్ల పేరు రాయించి, క్షమాపణ కూడా చెప్పాడు. మర్నాడు విడుదల ఝామ్మని జరిగింది. అతన్ని చూసి మాత్రం రెండు గుంపులవాళ్ళూ పెళ్ళాం సొత్తు కాజేసిన ఘనుడని కడుపుబ్బ నవ్వుకున్నారు. అతనూ వాళ్ళతో పాటే నవ్వాడు.

ఈ కథ గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు. గడ్డమాయన చెవిన మాత్రం పడనీయకు, ఆ ఫైలు రాసింది మొగుడే, కాపీ కొట్టింది మా పిల్ల.