బల్ల మీద చెయ్యి

"ఎవడిదిరా ఈ చెయ్యి?"

అడిగాడే గానీ జవాబు కోసం ఆగలేదు మేస్త్రి. బావమరిది మెడ పట్టుకుని ముఖాన్ని చెక్క నునుపు చేసే రందా మిషను బల్లకేసి బాదాడు. పోతఇనుము బల్ల ఠంగుమంది. అద్దంలా ఉండాల్సిన ఆ బల్ల నడుమ, పల్చటి రంపపొట్టు కింద, అరచెయ్యంత ఎర్రటి తుప్పు మరక. దాని చుట్టూ మసకమసకగా వేళ్ల జాడలు.

"నాది కాదు బావా! కిరసనాయిలు గుడ్డతో తుడిచాను, మైనం రుద్దాను, దుప్పటి కప్పాను. ఒట్టి చేత్తో ముట్టుకుంటే ఒట్టు!"

"మరి దెయ్యమొచ్చి ముట్టుకుందా? రెండు రోజుల ముసురుకి నీ చెమట చెయ్యి బయటపడింది. ఇక దీనిమీద చెక్క సాఫీగా జరుగుతుందా?"

మేస్త్రికి పెళ్లాం మీద లేని ప్రేమ ఆ బల్ల మీద ఉంది. అతన్ని వెనకాల అందరూ 'నాలుగున్నర' అంటారు, ఎదుట అనే దమ్ము మాత్రం ఎవరికీ లేదు. షెడ్డు గోడ మీద సుద్దముక్కతో తనే రాసి పెట్టుకున్నాడు: 'బల్ల మీద ఎవరి చెయ్యి పడితే, ఆ చెయ్యి మీద సుత్తి పడుతుంది.' అది ఉత్త బెదిరింపేననుకుని ఇన్నాళ్లూ నవ్వుకున్నారు. ఈ పూట కొయ్యసుత్తి అతని చేతిలోకి వచ్చేసింది.

"చెయ్యి పెట్టు."

"ఈ చెయ్యి పోతే నేనేం చేసి బతకను బావా? కావాలంటే పనిలోంచి తీసెయ్, వెళ్లిపోతాను."

"పెట్టరా!"

పాలిష్ పట్టే తాత అడ్డం వచ్చాడు. "ఒక్క మాట విను మేస్త్రీ, ముసురు పట్టకముందు సాయంత్రం..."

మోచేత్తో డొక్కలో ఒక్కటిచ్చేసరికి తాత వెళ్లి వార్నిష్ డబ్బాల మీద పడ్డాడు. మేస్త్రి బావమరిది కుడి మణికట్టును బల్లకి అదిమిపట్టి సుత్తి దించాడు. ఎండుపుల్లలు విరిగిన చప్పుడు. ఆ వెనకే గావుకేక.

భర్తకి అన్నం క్యారేజీ తెచ్చిన మేస్త్రి పెళ్లాం దాన్ని గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఆమె తమ్ముడు చెయ్యి గుండెలకు అదుముకుని నేలమీద గిలగిలా కొట్టుకుంటున్నాడు. అతని ముక్కులోంచి కారిన నెత్తురు బల్ల మీద మడుగు కట్టింది.

"చంపేశారా నా తమ్ముణ్ణి!"

"చావలేదులే. ముందు ఆ రక్తం తుడువు, తుప్పు పడుతుంది!"

ఆమె భర్త వంక ఒక్క చూపు చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ చూడని చూపు అది. గుడ్డను కిరసనాయిల్లో ముంచి బల్లంతా గట్టిగా తుడిచింది. నెత్తుటితో పాటు పొట్టూ మైనమూ పోయి, అడుగున ఉన్న మరక తేటగా తేలింది. అరచెయ్యి. బొటనవేలు. మూడు నిండు వేళ్లు. చిటికెనవేలు మాత్రం సగంలోనే ఆగిపోయింది.

ఆమె వంగి తమ్ముడి చేతులు రెండూ చూసింది. విరిగిన చేతికీ, విరగని చేతికీ అయిదేసి వేళ్లు పూర్తిగా ఉన్నాయి.

"నాలుగున్నర," అన్నాడు తాత డబ్బాల మధ్య నుంచి, డొక్క పట్టుకుని. "మైనం రుద్దకముందు బల్ల శుభ్రంగా ఉందో లేదో చూస్తానని రోజూ అరచేత్తో నిమిరేదెవరు? ఆ చెమట మీదే వీడు మైనం రుద్దాడు. అదే చెప్పబోయాను."

మేస్త్రి తన ఎడమ చెయ్యి చూసుకున్నాడు. చిటికెనవేలు ఎప్పుడో రంపానికి సగానికి తెగింది. ఆ చేతిని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు.

"ఏదో... కోపంలో... సర్లే, ఆసుపత్రికి పోదాం పదండి," అని నీళ్లు నమిలాడు. సుత్తి చేతిలోంచి జారి కిందపడింది.

తాత లేచి షెడ్డు తలుపు గడియ పెట్టాడు. తమ్ముడు పళ్లు బిగించి లేచి, మిగిలిన మంచి చేత్తో బావ మెడ పట్టుకున్నాడు. ఆమె కొంగు బిగించి, సుత్తి అందుకుని, గోడ మీది రాత వంక ఒకసారి చూసింది.

"చెయ్యి పెట్టండి."