మీటరు కూత

పనిచేస్తున్న అణు రియాక్టరు పక్కన పరిశోధన మొదలుపెట్టవచ్చో లేదో గిజ్లాన్ ఆ రోజే తేల్చి రాసివ్వాలి. రేడియేషన్ మీటరు ఎక్కడ పెట్టినా పలకలేదు. అయినా నమ్మకం కుదరక ఆమె మళ్లీ మళ్లీ కొలుస్తూనే ఉంది.

ముప్పయ్యేళ్లుగా అక్కడే పనిచేస్తున్న లర్బీ వెనక నుంచి వచ్చి నవ్వాడు. "మా రియాక్టరు నిన్నేం కొరకదులే తల్లీ!"

ఆమె అతని వైపు తిరగగానే చేతిలోని మీటరు కీచుమని కూసింది.

"లీకు! పరుగెత్తు బాబాయ్!"

తలుపు దాకా ఒక్క పరుగున వెళ్లింది. అక్కడ మీటరు కూత ఆగిపోయింది. లర్బీ మాత్రం కదల్లేదు.

"లీకు కాదమ్మా, నేనే. క్యాన్సరు ఎముకల దాకా పాకిందేమోనని నిన్న రబాత్ ఆసుపత్రిలో స్కాను తీశారు. దానికి ఎక్కించిన రేడియేషన్ మందు ఇంకా ఒంట్లో ఉంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

గిజ్లాన్ మీటరు ఆపి అతని దగ్గరికి తిరిగి వచ్చింది.

"రియాక్టరు బాగానే ఉంది," అన్నాడు లర్బీ. "అలాగే రాసెయ్యి."