గడప పట్టిన దుమ్ము

అనంతపురంలో ఇప్పుడు ప్రతి ఇంటి వీధిగడపా ఒంటి మీది దుమ్మును పీల్చేసి, అది ఎక్కడిదో చెప్పాకే మనిషిని లోపలికి రానిస్తోంది.

ఆషాఢపు గాలిలో ఇల్లు చేరిన ఓబులేసును గడప ఆపింది. "చావిడి ముందరి మట్టి. కాళ్లతో లేపిన దుమ్ము."

"ఆయాసం మనిషివి, చెక్కభజనలో ఎగరొద్దని డాక్టరు చెప్పలేదా?" అంటూ భార్య నాగరత్నమ్మ బయటికొచ్చి అతని రెక్క పట్టుకుంది.

"గాలికి కొట్టుకొచ్చింటాది లేవే," అన్నాడతను దగ్గుతూ.

ఇద్దరూ లోపలికి రాబోయారు. "అమ్మ కొంగు మీదా అదే దుమ్ము," అంది గడప.

ఓబులేసు ఆమె వైపు తిరిగాడు. "అయితే నువ్వు దొడ్డివాకిట్లో నుంచి వచ్చినావా?"

"నీకు ఎగపోస్తే మందు పట్టేదెవరు?" నాగరత్నమ్మ కొంగుముడి విప్పి, పీల్చే మందు అతని చేతిలో పెట్టింది. "రెండో పాటకు అడుగు తప్పినావులే."