దండ వేసిన ఫొటో

టీవీ చూస్తూ అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఆ ముసలమ్మ ఒక్కతే నవ్వింది.

ముంచింగిపుట్టులో లక్ష్మీప్రసాద్‌ది సెల్‌ఫోన్ల కొట్టు. సంత రోజున గుమ్మం నిండా జనమే. కొనేవాళ్ళు తక్కువ, టీవీ చూసేవాళ్ళు ఎక్కువ.

లక్ష్మీప్రసాద్‌కి ఓ పిచ్చి ఉంది. చూసిన ప్రతి సినిమా మీదా, ప్రతి షో మీదా తన అభిప్రాయం యూట్యూబ్‌లో పెడతాడు. హీరోలని ఉతికి ఆరేస్తాడు. చూసేవాళ్ళు రెండొందల మంది దాటరు. అయినా ఆయన తీర్పులు ఆగవు.

ఆ రోజు డాన్సు పోటీ వస్తోంది. ఈ కొండల్లోంచి వెళ్ళిన సోని అనే అమ్మాయి అందులో ఆడుతోంది. ఆట అయ్యాక వెనక తెర మీద వాళ్ళమ్మ ఫొటో వేశారు. ఎప్పటిదో పాత ఫొటో, మొహం అలికినట్టుంది. దానికి బంతిపూల దండ. సోని ఏడ్చింది. జడ్జీలు ఏడ్చారు. కొట్లో లక్ష్మీప్రసాద్ భార్య మాధవి కూడా ఏడ్చింది.

"ఏటమ్మా, నవ్వుతావేటి?" కోప్పడింది మాధవి.

కొండచీపుర్ల మోపు దించుకుని నిలబడ్డ ముసలమ్మ టీవీ వైపు చెయ్యి చూపింది.

"దండేసినారమ్మా! కలెట్టరొస్తే మేవేస్తాం దండ. ఆలమ్మకి అంత మరియాద సేసినారు!"

మాధవికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"సచ్చిపోయినోళ్ళ ఫొటోకి ఏస్తారే దండ. ఆ పిల్లకి తల్లి లేదు."

ముసలమ్మ నవ్వు ఆగిపోయింది.

"ఎవులు సెప్పినారు? బతికే ఉంది."

అప్పటికే లక్ష్మీప్రసాద్ ఫోన్ బయటికి తీశాడు.

"మళ్ళీ సెప్పమ్మా. ఇటు సూసి సెప్పు."

"సోని మా ఊరి పిల్లే బాబూ, నానెరిగిన గుంటే. ఆలమ్మ సచ్చిపోనేదు. సీపుర్లు కట్టుకుని బతుకుతంది."

లక్ష్మీప్రసాద్ గాల్లో తేలిపోయాడు. "నేను మొదట్నుంచీ సెప్తన్నాను! ఇంట్లో ఎవరో ఒకరు సావకపోతే ఈ షోల్లో నాలుగో వారం దాటరు. ఆళ్ళే నేర్పి సెప్పిస్తారు. ఇది పెట్టానంటే లక్షల మంది సూస్తారు."

"సూస్తే ఏటవుతాది బాబూ?"

"ఏటవుతాది? అబద్ధమాడిందని ఆ పిల్లని రేపే ఇంటికి పంపేస్తారు."

"ఆటలోంచి తీసేత్తారా?"

"మరి తియ్యరా?"

ముసలమ్మ మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సంత పలచబడే వేళకి మళ్ళీ వచ్చింది. చీపుర్లు అమ్ముడైనట్టు లేదు, మోపు అలాగే ఉంది.

"బాబూ, ఇందాకటిది తీసెయ్యి. అబద్దమాడినాను."

"ఎందుకాడావు?"

"కుళ్ళు బాబూ. మా ఊరి గుంట పెద్దదైపోతందని కుళ్ళు."

లక్ష్మీప్రసాద్‌కి ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె తల వంచుకుని అన్నీ పడింది.

"మళ్ళీ తియ్యి. నిజం సెప్తాను."

విసుక్కుంటూనే తీశాడు.

"సోని ఆలమ్మ సచ్చిపోనాది. కడుపునొప్పొచ్చింది. డోలీ కట్టి మోసినారు. రోడ్డు రాకముందే పేణం పోనాది. నానే తానం సేయించినాను. కొత్త సీర నేదు, నా సీరే కట్టినాను."

"పోయేముందు ఏటన్నాది?"

ముసలమ్మ చాలాసేపు ఆలోచించింది.

"గుంటని ఆడనియ్యండి, అన్నాది."

తర్వాత అడిగింది. "సాలా బాబూ? నమ్ముతారా?"

మొదటి వీడియో తన కళ్ళ ముందే తీసేయించి గానీ ఆమె కదల్లేదు.

రెండోది మూడు లక్షల మంది చూశారు. లక్ష్మీప్రసాద్ జన్మలో అతని వీడియో ఒక్కటీ అంతమంది చూడలేదు. కింద అభిప్రాయాలకైతే లెక్కే లేదు. కళ్ళంట ఒక్క చుక్క రాలేదు, అంతా దొంగ ఏడుపని ఒకడు. ముసలిది బాగా నటించింది, అవార్డు ఇవ్వండని ఇంకొకడు. వేళ్ళున్నాయి కదా అని ఏదైనా రాసేయడమే!

సోని ఫైనల్‌కి వచ్చింది. సొంత ఊరు చూపించడానికి టీవీ వాళ్ళు ఆమెని తీసుకొచ్చారు. వీడియోలోని ముసలమ్మని సోని పక్కన నిలబెట్టి షూట్ చేయాలని ముందు కొట్టు దగ్గర కారు ఆపారు. సంత రోజే కావడంతో లక్ష్మీప్రసాద్ సంతలోకి పరిగెత్తాడు. చీపుర్లమ్మే చోటు ఖాళీగా ఉంది. పక్కన అల్లం అమ్ముకునే మంగ్లు చెప్పాడు.

"ఆ ముసల్దా? జొరమొచ్చి పోనాదట. పది రోజులైనాది. సంతలో అనుకుంతంటే ఇన్నాను."

ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

పోటీలో ఉన్నన్నాళ్ళూ సోని చేతికి ఫోన్ ఇవ్వలేదట. ఆ వీడియో ఆమె చూడనేలేదు. లక్ష్మీప్రసాద్ తన ఫోన్‌లో చూపించాడు. కెమెరా అతను దగ్గరికొచ్చి తీస్తున్నాడు.

"ఈవిడ ఎక్కడుందన్నా?" గబుక్కున అడిగింది సోని.

"పోయింది తల్లీ. పది రోజులైంది. జ్వరం."

సోని కౌంటర్ అంచు గట్టిగా పట్టుకుంది.

"బాగా వచ్చింది," అన్నాడు కెమెరా అతను.

మాధవి మంచినీళ్ళు ఇచ్చింది. "ఆవిడ నీకేటవుతాదమ్మా?"

సోని ఒకసారి కెమెరా వంక చూసింది.

"మా ఊరావిడ," అంది.

అందరూ కారెక్కారు. బండి కదిలేలోగా సోని దిగి, ఒక్కతే వెనక్కి పరిగెత్తుకొచ్చింది.

"ఆ వీడియో ఎప్పటికీ తీసెయ్యకన్నా. మాయమ్మ గొంతు ఇంకెక్కడా నేదు."