ఇద్దరూ ఒప్పుకున్న మాట

ఎనిమిదో తరగతిలో ఆ పాఠం ఎవరికీ ఎక్కడం లేదని తనూజ టీచరుకు మొదట్లోనే తెలిసిపోయింది.

గొడవ వస్తే ఎలా మాట్లాడుకోవాలి అన్నది పాఠం. పరీక్షలో రాదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు అడ్డు రాకూడదు. పాత సంగతులు తవ్వకూడదు. చివరికి ఇద్దరికీ సమ్మతమైన మాట ఒక్కటైనా వెతుక్కోవాలి. పిల్లలు తలలూపేవాళ్లు. బెల్లు కొట్టగానే కొళాయి దగ్గర జుట్లు పట్టుకునేవాళ్లు.

"ఇండ్లల్లో దినామూ చూసేది అదే కదా మేడం," అన్నాడు లెక్కల మాస్టరు కెంచప్ప. "మీరు వారానికొక గంట చెప్తే ఏం మారతాది?"

తనూజ ఆ పీరియడ్ మానేసి సైన్సు చెప్పుకుందాం అనుకుంది.

శ్రద్ధగా వినేది అంబిక ఒక్కతే. హగరి రైలు స్టేషను వెనక వాళ్లిల్లు. తండ్రి ఈరేష్ లారీ డ్రైవరు. తల్లి యల్లమ్మ కూలికి పోతుంది. ఆ ఇంట్లో పోట్లాట మొదలైతే వీధంతా బయటికొచ్చి నిలబడుతుంది. అన్నం గిన్నె వాకిట్లో పడిన రోజుల్లో అంబిక ఖాళీ కడుపుతో బడికి వచ్చేది.

సోమవారం పొద్దున ఆ పిల్ల స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది.

"మిస్, మీరు చెప్పినట్ల ఇంట్లో చేయించినా."

"ఏం చేయించావు?"

"జగళ వద్దు, కొట్లాడొద్దండని ఇద్దర్నీ ఎదురెదురుగా కుచ్చోబెట్టినా. నాయిన మాట్లాడేటప్పుడు అమ్మ సుమ్మనె అడ్డం రాకుండ ఇన్నాది. అమ్మ మాట్లాడేటప్పుడు నాయిన ఇన్న్యాడు. ఎవురూ అరవలేదు మిస్. పాతవి తీయలేదు."

తనూజ కుర్చీలోంచి లేచింది. "నిజంగానా?"

"అవు మిస్. ఈ పొద్దు అమ్మ నూనె పెట్టి రెండు జడలేసింది. నాయిన హోటలు నుంచి ఇడ్లీ కట్టించుకోనొచ్చినాడు. నేను తినేదాకా ఇద్దరూ నా పక్కనే కుచ్చోన్యారు."

"విన్నారా కెంచప్ప సార్?" అంది తనూజ. కెంచప్ప చేతిలోని చాక్‌పీసు బల్ల మీద పెట్టి, నిజంగానే వింటున్నాడు.

తనూజ అంబికను దగ్గరికి తీసుకుంది. ఈ బడికి వచ్చాక ఆమెకు దక్కిన గెలుపు ఇదొక్కటే.

"మరి చివరికి ఇద్దరికీ సమ్మతమైన మాట దొరికిందా?"

"దొరికింది మిస్. నేనడిగిన వెంటనే ఇద్దరూ ఒకే మాట చెప్పినారు."

"ఏమని?"

అంబిక పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అమ్మ ఎమ్మిగనూరుకు, నాయిన బండ్రి ఊరికి ఎవురి దోవన వాళ్లు పోతారంట, నన్ను మాత్రం ఇద్దరిలో ఎవురూ ఎంటబెట్టుకోని పోరంట."